కరీంనగర్ నుంచి జాంస్కార్, హాన్లే: థార్‌కి 3 లక్షల ఫిటింగ్‌లు నిజంగా కావాలా?

మానేరు_థార్
సెప్టెంబర్ మొదటి వారంలో బయలుదేరుతున్నాం. నేను, మా ఆవిడ, మా బావమరిది. బండి 2021 మహీంద్రా థార్ డీజిల్, మాన్యువల్, ఫోర్ బై ఫోర్, 48 వేల కిలోమీటర్లు తిరిగింది. దారి, హిమాచల్, లడఖ్ కొండల్లో: మనాలి, జిస్పా, శింకు లా కనుమ, పదుం, లేహ్, హాన్లే, త్సో మొరీరీ, త్సో కార్, సర్చు, మళ్లీ మనాలి. ఇంటి నుంచి ఇంటికి 24 రోజులు. అందులో పది రాత్రులైనా మా టెంట్‌లో పడుకోవాలని, మేమే వండుకోవాలని ఆశ.

నిన్న హైదరాబాద్‌లో ఒక యాక్సెసరీస్ షాపుకి వెళ్తే 3,40,000 ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. బండిని రెండంగుళాలు ఎత్తు చేసే లిఫ్ట్ కిట్, ఇనుప ముందు బంపర్, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు), స్నార్కెల్ (నీళ్లలో ఇంజిన్‌కి పైనుంచి గాలి అందించే గొట్టం), రూఫ్ ర్యాక్, దాని మీద రూఫ్ టెంట్, నాలుగు ఎక్స్‌ట్రా లైట్లు. "ఇవి లేకుండా ఆ రోడ్డెక్కితే ఇబ్బంది పడతారు" అన్నారు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. మా ఆవిడేమో ఆ డబ్బుతో ఇంకోసారి వెళ్లిరావచ్చు కదా అంటోంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

కొండదారి_గుర్ఖా
చెల్లెమ్మ మాట విను.

పాత_జిప్సీ
నేను ఆ వైపు నాలుగుసార్లు వెళ్లాను, రెండుసార్లు జిప్సీలో, రెండుసార్లు థార్‌లో. నీ లిస్టులో అన్నీ బరువు పెంచేవే ఉన్నాయి. బరువు మోసేవి, బండిని ఆపేవి ఒక్కటీ లేవు. టైర్లు ఏవి? బ్రేకులు ఏవి? షాకబ్జర్లు ఏవి?

లెక్క వేసుకో. ఇనుప బంపర్, వించ్ కలిపి 80 కిలోలకి తక్కువ ఉండవు. ర్యాక్ 30, రూఫ్ టెంట్ 60. అంటే బట్టలు, బియ్యం, నీళ్లు ఎక్కించకముందే 170 కిలోలు. ముగ్గురు మనుషులు రెండొందలు. ఆ తర్వాత 40 లీటర్ల నీళ్లు, రెండు డబ్బాల డీజిల్, గ్యాస్, టెంట్, రగ్గులు. రోడ్డు లేని చోట గుంటలో పడ్డ ప్రతిసారీ ఈ బరువంతా షాకబ్జర్ల మీద, స్ప్రింగుల మీద, టైర్ల సైడ్‌వాల్ మీద పడుతుంది. పైన పెట్టిన 90 కిలోల వల్ల బండి పక్కకి ఊగుతుంది. వాలు దారిలో ఆ ఊపు ఎలా ఉంటుందో అనుభవిస్తేనే తెలుస్తుంది.

ఆ దారుల్లో ఆగిపోయిన బండ్లు చాలా చూశాను. వించ్ లేక ఆగినది ఒక్కటీ గుర్తులేదు. సైడ్‌వాల్ చీలినవి, షాకబ్జర్ విరిగినవి, క్లచ్ కాలినవి, డీజిల్ అయిపోయినవి గుర్తున్నాయి.

బురద_దారి
పాత జిప్సీ అన్నా, మీ అనుభవం మీద గౌరవం ఉంది కానీ వించ్ అనవసరం అంటే ఒప్పుకోను. మేం వానాకాలంలో బురదలోకి దిగుతాం. పోయినేడు రెండు బండ్లూ ఇరుక్కుంటే వించే బయటికి లాగింది. ఒంటరి బండి అయితే ఇంకా అవసరం కదా?

పాత_జిప్సీ
బురద తమ్ముడూ, నువ్వు వించ్ తాడు దేనికి కట్టావు?

బురద_దారి
మద్ది చెట్టుకి.

పాత_జిప్సీ
హాన్లే, త్సో కార్ ఉండే చంగ్‌తాంగ్ పీఠభూమి దాదాపు అంతా 4,000 మీటర్ల పైనే ఉంది. హాన్లే నుంచి త్సో కార్ దాకా తాడు కట్టుకోవడానికి ఒక్క చెట్టు చూపించు, వించ్ నేనే కొనిస్తాను.

బురద_దారి
😄 సరే, చెట్లు లేవు. కానీ స్టెప్నీని గుంట తవ్వి పాతిపెట్టి దానికే తాడు కట్టి లాగొచ్చు. నేను చేసి చూశాను, పనిచేస్తుంది.

కొండదారి_గుర్ఖా
పనిచేస్తుంది, నిజమే. కానీ గాలి పల్చగా ఉన్న చోట మీటరు లోతు గుంట తవ్వడం మామూలు పని కాదు. పది పారలు మట్టి ఎత్తేసరికి కూర్చోవాల్సి వస్తుంది. అదే ఓపికతో చక్రాల ముందు ఇసుక తీసి, గాలి 18 పీఎస్‌ఐకి దించి, చక్రాల కింద రెండు రికవరీ బోర్డులు (పట్టు ఇచ్చే పలకలు) పెడితే పదిలో తొమ్మిదిసార్లు బండి దానంతటదే బయటికొస్తుంది. బోర్డులు రెండూ కలిపి ఏడెనిమిది కిలోలు.

జిమ్నీ_జానకి
మేం ఇద్దరం పోయినేడు జిమ్నీలో హాన్లే వెళ్లొచ్చాం. లిఫ్ట్ లేదు, వించ్ లేదు, స్నార్కెల్ లేదు. బండి బరువే 1,200 కిలోలు, అదే మాకు పెద్ద బలం. ఇబ్బంది పడింది రెండు విషయాల్లో. ట్యాంకు 40 లీటర్లే. పైగా టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ కాబట్టి ఎత్తుకి వెళ్లేకొద్దీ నీరసపడింది. మానేరు అన్నకి ఈ రెండో బాధ ఉండదు, టర్బో డీజిల్ కదా.

మానేరు_థార్
జానకి అక్కా, డీజిల్ లెక్కే నాకు అర్థం కావట్లేదు. ఎన్ని డబ్బాలు మోయాలి?

పాత_జిప్సీ
థార్ ట్యాంకు 57 లీటర్లు. మైదానంలో ఎంత ఇచ్చినా, అక్కడ బరువుతో, లో గేర్లలో లీటరుకి 9 కిలోమీటర్లు వేసుకో. 510 కి.మీ. లేహ్ దాటి వెళ్లేటప్పుడు కారు అనే ఊళ్లో బంకు ఉంది, అక్కడ మూత దాకా నింపు. అక్కడినుంచి హాన్లే, మాహె మీదుగా త్సో మొరీరీ, త్సో కార్, సర్చు, కేలాంగ్ పక్కన తాండి బంకు దాకా దగ్గర దగ్గర 700 కి.మీ. అంటే 78 లీటర్లు. దారి తప్పడం, ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఆగడం అన్నీ కలిపి 90 అనుకో. 20 లీటర్ల స్టీల్ జెర్రీ క్యాన్లు రెండు. మధ్యలో ఎక్కడో ఒక చోట దొరుకుతుందిలే అని వెళ్లొద్దు. దొరికితే పోయించుకో, అంతే.

తాండి బంకు దగ్గర "తరువాతి బంకు 365 కి.మీ." అని బోర్డు ఉండేది. ఎంతోమంది ఫొటో దిగి, ట్యాంకు నింపకుండా వెళ్లి, దారిలో లారీవాళ్లని బతిమాలుకున్నారు.

జిమ్నీ_జానకి
డబ్బాలు మనుషులు కూర్చునే చోట పెట్టొద్దు. డీజిల్ అయినా సరే, వాసనకి తలనొప్పి వస్తుంది. అక్కడ తలనొప్పి వస్తే అది ఎత్తు వల్లో డీజిల్ వల్లో తెలియక ఇంకో టెన్షన్.

డ్యూటీ_డాక్టర్
జానకి గారు మంచి మాట చెప్పారు. బండి గురించి అందరూ చెబుతున్నారు కాబట్టి నేను మనుషుల గురించి చెబుతాను. ఇది కూడా బండిని తయారుచేయడంలో భాగమే, ఎలాగో చివర్లో అర్థమవుతుంది.

మనాలి 2,050 మీటర్లు, జిస్పా 3,200 పైన, శింకు లా 5,091, పదుం 3,600 దగ్గర. 3,000 దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకంటే ఎక్కువ పెరగకూడదు. పగలు కనుమ దాటి కిందికి దిగడం వేరు, ఆ ఎత్తులో రాత్రి పడుకోవడం వేరు. జిస్పాలో రెండు రాత్రులు ఉండండి. మూడో రోజు పొద్దున్నే శింకు లా దాటి, పైన ఆగకుండా కిందికి దిగిపోండి. సర్చు 4,300 మీటర్లు. మీరు తిరుగు ప్రయాణంలో వెళ్తున్నారు కాబట్టి ఫర్వాలేదు. చాలామంది మనాలి నుంచి రెండో రాత్రే అక్కడ పడుకుని జబ్బుపడతారు.

తలనొప్పితో పాటు వాంతులు, నడుస్తుంటే తూలడం, కూర్చున్నా ఆయాసం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే కిందికి దిగాలి, అర్ధరాత్రి అయినా సరే. డయామాక్స్ (ఎత్తు జబ్బుకి వేసుకునే మాత్ర) మీ డాక్టర్‌ని అడిగి మాత్రమే వాడండి, సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. స్ప్రే డబ్బాలో అమ్మే ఆక్సిజన్ కొద్ది నిమిషాలే వస్తుంది. దాన్ని నమ్ముకుని పైనే ఉండిపోవద్దు.

ఇప్పుడు బండి సంగతి. అర్ధరాత్రి దిగాల్సివస్తే నేల మీద టెంట్‌ని అక్కడే వదిలేసి వెళ్లిపోవచ్చు. రూఫ్ టెంట్ అయితే గడ్డకట్టే చలిలో, చీకట్లో, పక్కన ఒకరు వాంతులు చేసుకుంటుంటే దాన్ని మడిచి బిగించాకే బండి కదులుతుంది. అందుకే నేను రూఫ్ టెంట్ వద్దంటాను. ఎక్కడ క్యాంపు వేసినా బండి ముఖం దారి వైపు ఉండాలి, ట్యాంకులో కిందికి దిగేంత డీజిల్ ఉండాలి, తాళం చెవి ఎక్కడుందో ముగ్గురికీ తెలియాలి.

మానేరు_థార్
డాక్టర్ గారూ, ఇది నా తలకి తట్టనే లేదు. రూఫ్ టెంట్ కొట్టేశాను.

ఆటోనగర్_మేస్త్రి
విజయవాడ ఆటోనగర్‌లో మాది షెడ్డు, ముప్ఫై ఏళ్లుగా ఇదే పని. 48 వేలు తిరిగిన బండికి ఏం చెయ్యాలో చెబుతాను, ఒక్కటీ వదలొద్దు.

కూలెంట్ ముందు. మన దగ్గర దారిలో తగ్గితే చాలామంది కుళాయి నీళ్లు పోసేస్తారు. ఇక్కడ నడిచిపోతుంది. అక్కడ రాత్రి సున్నా కిందికి పడితే నీళ్లు గడ్డకట్టి వ్యాకోచిస్తాయి, ఇంజిన్ బ్లాకే పగలొచ్చు. మొత్తం తీసేసి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించు. మైనస్ 35 దాకా భయం లేదు. అద్దం కడిగే వాషర్ ట్యాంకులో కూడా మామూలు నీళ్లు ఉంచొద్దు.

బ్రేక్ ఆయిల్ రెండేళ్లు దాటితే మార్చెయ్యి. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. పొడవాటి వాలులో బ్రేక్ వేడెక్కితే ఆ తేమ ఆవిరై పెడల్ మెత్తగా కిందికి పోతుంది. 2021 నుంచి మార్చలేదంటే ఇప్పుడే మార్చు. బ్యాటరీ ఎన్నేళ్లది? మూడేళ్లు దాటితే లోడ్ టెస్ట్ చేయించు. ఫ్యాన్ బెల్టు, కూలెంట్ గొట్టాలు, డీజిల్ ఫిల్టర్ కొత్తవి వేసి, పాతవి బాగుంటే స్పేర్‌గా పెట్టుకో. ముందు వెనక డిఫరెన్షియల్ ఆయిల్, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ కూడా చూడాలి. వీటిని సర్వీస్‌లో అడగకపోతే ఎవరూ ముట్టుకోరు.

ఇంకొకటి. నీ ఫోర్ ఎల్ (నాలుగు చక్రాలకీ నెమ్మదిగా, ఎక్కువ బలం ఇచ్చే గేరు) చివరిసారి ఎప్పుడు వేశావు?

మానేరు_థార్
మేస్త్రి గారూ, కొన్నప్పుడు షోరూమ్‌లో వేసి చూపించారు. ఆ తర్వాత వెయ్యలేదు.

ఆటోనగర్_మేస్త్రి
అదే అనుకున్నాను. రేపే మట్టి రోడ్డు మీదికి వెళ్లి బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి వెయ్యి. పడుతుందో లేదో, డాష్‌బోర్డులో లైటు వస్తుందో లేదో చూడు. ఎండిన తారు రోడ్డు మీద మాత్రం ఫోర్‌వీల్‌లో తిప్పొద్దు, మలుపుల్లో ముందు వెనక చక్రాలు ఒకే వేగంతో తిరగలేక గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. మట్టి దారిలో కొండ దిగేటప్పుడు ఫోర్ ఎల్, మొదటి గేరు వేస్తే ఇంజినే బండిని పట్టుకుంటుంది. బ్రేక్ మీద కాలు పెట్టే పని సగం తగ్గుతుంది.

బురద_దారి
మేస్త్రి గారి పోస్టు సేవ్ చేసుకున్నాను.

కొండదారి_గుర్ఖా
టైర్ల సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. సైడ్‌వాల్ మీద నాలుగంకెలు ఉంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. నీవి బండితో వచ్చినవే అయితే మార్చెయ్యి, లిఫ్ట్ కిట్ డబ్బు అక్కడ పెట్టు. కంపెనీ సైజే వేయించు, 255/65 ఆర్18, ఆల్ టెరైన్. 33 అంగుళాల టైర్లంటూ షాపువాళ్లు ఊదరగొడతారు, వద్దు. స్టెప్నీ కూడా అదే సైజులో కొత్తది ఉండాలి. పంక్చర్ కిట్, సిగరెట్ సాకెట్‌కి కాదు, నేరుగా బ్యాటరీకి తగిలించే గాలి పంపు, ఒక మంచి గేజ్. జాకీ కింద పెట్టడానికి ఒక చెక్క పలక. ఇసుకలో జాకీ దిగబడిపోతుంది.

జిమ్నీ_జానకి
ఎత్తుకి వెళ్లాక టైరులో గాలి పెరుగుతుంది, తగ్గించుకోవాలి అని ఒకరు, చలికి తగ్గుతుంది, పెంచుకోవాలి అని ఒకరు చెప్పారు. ఏది నిజం?

ఫిజిక్స్_మాస్టారు
రెండూ నిజమే అమ్మా, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గేజ్ చూపించేది బయటి గాలికంటే లోపల ఎంత ఎక్కువ ఉందో మాత్రమే. సముద్ర మట్టం దగ్గర బయటి పీడనం 14.7 పీఎస్‌ఐ, 4,500 మీటర్ల దగ్గర సుమారు 8.4. ఇక్కడ 35 డిగ్రీల వేడిలో 32 కొట్టిస్తే లోపల మొత్తం 46.7. అక్కడ 5 డిగ్రీల చలిలో అది 42కి తగ్గుతుంది. దాంట్లోంచి 8.4 తీస్తే గేజ్ 34 దగ్గర చూపిస్తుంది. రెండు పాయింట్ల తేడా. బెంగపడాల్సిన పని లేదు. రోజూ పొద్దున్న టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకుంటే చాలు.

ఆవకాయ_అక్క
మాస్టారి లెక్క మా ఆవకాయ సీసాకి కూడా వర్తించింది. ఇక్కడ గట్టిగా బిగించిన మూత అక్కడ తిప్పేసరికి నూనె పొంగి రగ్గు మీద పడింది. 20 రోజులు బండంతా ఆవకాయ వాసన. పచ్చళ్లు సీసా నిండా పెట్టొద్దు, రెండు వేళ్ల ఖాళీ ఉంచి కవర్లో చుట్టండి.

వంట సంగతి చెబుతాను. 4,300 మీటర్ల దగ్గర నీళ్లు 86 డిగ్రీలకే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో అన్నం పలుకుగానే ఉంటుంది, కందిపప్పు అసలు ఉడకదు. మూడు లీటర్ల కుక్కర్ తప్పనిసరి, ఇంట్లో రెండు కూతలకి దింపేదాన్ని అక్కడ నాలుగైదు రానివ్వండి. పెసరపప్పు త్వరగా ఉడుకుతుంది, అదే పట్టుకెళ్లండి. అటుకులు, ఉప్మా పిండి, పులిహోర పులుసు, సున్నుండలు, కారప్పొడి ఉంటే ఏ రాత్రయినా గడిచిపోతుంది.

చిన్న బ్యూటేన్ డబ్బాల స్టవ్‌ని నమ్ముకోవద్దు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర సరిగ్గా ఆవిరవదు. మాకు పొద్దున పూట మంట గుడ్డి దీపంలా వెలిగింది. తర్వాత 5 కిలోల సిలిండర్ తీసుకున్నాం. వంట ఎప్పుడూ బయటే. చలిగా ఉందని టెంట్‌లో, బండిలో స్టవ్ వెలిగించొద్దు. ఆ పొగకి వాసన కూడా ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

డ్యూటీ_డాక్టర్
అక్క చెప్పిన చివరి మాట ప్రింట్ తీసి బండిలో అంటించండి.

బే_ఏరియా_బాబు
ఇక్కడ మేం అడవుల్లోకి వెళ్లేటప్పుడు సాటిలైట్ మెసెంజర్ తప్పకుండా పెట్టుకుంటాం. ఇన్‌రీచ్ లాంటిది ఒకటి పంపించమంటావా మానేరు? సిగ్నల్ లేని చోట అదే ప్రాణం కాపాడుతుంది.

పాత_జిప్సీ
బాబూ, వద్దు! మంచి మనసుతో చెప్పావు కానీ ఇండియాలో అనుమతి లేకుండా సాటిలైట్ ఫోన్‌గానీ అలాంటి పరికరంగానీ దగ్గర ఉంచుకోవడం నేరం. విమానాశ్రయాల్లోనే అరెస్టయినవాళ్లు ఉన్నారు. సరిహద్దు ప్రాంతంలో అయితే చెప్పనక్కర్లేదు.

బే_ఏరియా_బాబు
ఇది నాకు తెలియదు అన్నా. థాంక్స్, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

జిమ్నీ_జానకి
సిమ్ కూడా చూసుకోండి. మన ప్రీపెయిడ్ నంబర్లు లడఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడే కావాలి. ముగ్గురిలో ఒకరైనా బీఎస్‌ఎన్‌ఎల్ పోస్ట్‌పెయిడ్ తీసుకోండి. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. రేపు ఎక్కడ పడుకుంటారో రోజూ ఇంట్లో ఒకరికి చెప్పండి. "ఎల్లుండి సాయంత్రానికి ఫోన్ రాకపోతే ఫలానా చోటికి కబురు చెయ్యి" అని కూడా చెప్పి పెట్టండి.

చుక్కల_వేట
హాన్లే వెళ్తున్నారని చూసి రాస్తున్నాను. అక్కడ 4,500 మీటర్ల ఎత్తున అబ్జర్వేటరీ ఉంది, చుట్టుపక్కల ఊళ్లన్నీ డార్క్ స్కై రిజర్వ్. ఎస్టిమేట్‌లో ఉన్న ఆ నాలుగు లైట్లు దయచేసి పెట్టించొద్దు. చీకటి పడ్డాక హై బీమ్ కూడా వెయ్యొద్దు. ఒక్క బండి లైటు కొండ మీద పడితే టెలిస్కోపుల పని చెడుతుంది. ఎర్ర కాగితం చుట్టిన టార్చ్ పట్టుకెళ్లి, అమావాస్య దగ్గర తేదీల్లో వెళ్లండి. పాలపుంత వెలుగుకి మన నీడ పడుతుందా అనిపిస్తుంది.

త్సో మొరీరీ ఒడ్డున టెంట్ వెయ్యొద్దు, కోర్జోక్ ఊళ్లోనే దిగండి. అది రామ్‌సర్ అనే అంతర్జాతీయ జాబితాలో ఉన్న చిత్తడి నేల, బార్‌హెడెడ్ బాతులు అక్కడే పిల్లల్ని పెడతాయి. చెత్త అంతా మనాలి దాకా వెనక్కి తెచ్చుకోండి. అంత చలిలో ఏదీ త్వరగా కుళ్లదు.

బురద_దారి
తాడు సంగతి నేను చెప్పాలి, ఇందులో నాకు చేదు అనుభవం ఉంది. మా గుంపులో ఒకరు ఇరుక్కుంటే మామూలు లారీ తాడు బంపర్ కొక్కేనికి తగిలించి లాగాం. కొక్కెం ఊడి బుల్లెట్‌లా వచ్చి వెనక బండి అద్దంలోంచి దూసుకుపోయింది. సీట్లో మనిషి లేడు కాబట్టి బతికిపోయాం. సాగే కైనెటిక్ తాడు, 4.75 టన్నుల రేటింగ్ రాసి ఉన్న షాకిల్స్ (తాడుని బండికి తగిలించే ఇనుప లంకెలు) రెండు కొను. ఛాసిస్‌కి బోల్టు వేసిన రికవరీ పాయింట్‌కే తగిలించు, టో బాల్‌కి (ట్రెయిలర్ తగిలించే ఇనుప గుండు) ఎప్పుడూ వద్దు. తాడు మధ్యలో ఒక తడి రగ్గు వెయ్యి, తెగినా విసురు తగ్గుతుంది. లాగేటప్పుడు అందరూ దూరంగా నిలబడాలి. వించ్ వద్దన్నా ఇది మాత్రం వద్దనకండి.

పాత_జిప్సీ
దీనికి నూటికి నూరు శాతం ఒప్పుకుంటాను తమ్ముడూ.

కొండదారి_గుర్ఖా
స్నార్కెల్ గురించి ఒక్క మాట. థార్ 650 మిల్లీమీటర్ల నీళ్లు దాటగలదని కంపెనీయే చెబుతోంది. అక్కడి వాగుల్లో లోతుకంటే వేగం ప్రమాదం. మంచు కరిగి మధ్యాహ్నం తర్వాత నీళ్లు పెరుగుతాయి, పొద్దున తక్కువ ఉంటాయి. సాయంత్రం వాగు ముందు నిలబడి ఆలోచించేకంటే ఇవతలే టెంట్ వేసుకుని తెల్లారాక దాటడం మేలు. ముందు ఒకరు కర్ర పట్టుకుని నడిచి చూడాలి. నడవలేనంత వేగం ఉంటే బండి కూడా దిగకూడదు.

ఆటోనగర్_మేస్త్రి
బుల్ బార్, ఇనుప బంపర్ కేంద్రం 2017లోనే వద్దంది. పైగా ఎయిర్‌బ్యాగ్ సెన్సర్‌కి దెబ్బ సరిగ్గా తగలదు.

మానేరు_థార్
ఎస్టిమేట్ చింపేశాను. ఇప్పటికి అనుకున్నది ఇది. ఐదు కొత్త టైర్లు, ముందు వెనక షాకబ్జర్లు, మేస్త్రి గారు చెప్పిన ఆయిళ్లన్నీ, కొత్త బ్యాటరీ, కైనెటిక్ తాడు, షాకిల్స్, బోర్డులు, గాలి పంపు. తేలికపాటి ర్యాక్ ఒకటి, డీజిల్ డబ్బాలకి, టెంట్‌కి మాత్రమే. ముగ్గురం కూర్చుంటే లోపల చోటు సరిపోవట్లేదు. మొత్తం లక్షన్నర లోపే.

పాత_జిప్సీ
ర్యాక్ మీద నలభై యాభై కిలోలు దాటనివ్వకు. ఎంతవరకు పెట్టొచ్చో మాన్యువల్‌లోనూ చూడు. బయలుదేరేముందు మొత్తం సామాను ఎక్కించి ఒక రాత్రి ఎక్కడైనా పడుకుని చూడండి.

గోదారి_గట్టు
మాది ధర్మపురి దగ్గర పొలం, కరీంనగర్ నుంచి గంటన్నర. మా చేలో వేసుకో అన్నా, బోరు నీళ్లున్నాయి, కుక్క కూడా కరవదు.

మానేరు_థార్
గోదారి తమ్ముడి చేలో నిన్న రాత్రి పడుకుని వచ్చాం. టెంట్ వెయ్యడానికి 40 నిమిషాలు పట్టింది. రెండోసారి 15. కుక్కర్ గాస్కెట్ ఇంట్లోనే మర్చిపోయాం, అన్నం పలుకుగానే తిన్నాం. స్టెప్నీ నట్లు ఎయిర్ గన్‌తో బిగించి ఉన్నాయి, బండిలో ఇచ్చిన పానాతో కదల్లేదు. పొడవాటి పానా, దానికి ఇనుప గొట్టం కొన్నాను. ఫోర్ ఎల్ రెండోసారికి పడింది. మా ఆవిడ కూడా బురద గట్టు మీదికి తనే ఎక్కించింది, ఇప్పుడు బండి ఇద్దరం నడపగలం.

వచ్చేటప్పుడు జగిత్యాల దగ్గర వేబ్రిడ్జి మీదికి ఎక్కించాను. ముగ్గురం, సామాను, నీళ్లు, నిండు ట్యాంకు, రెండు డబ్బాలు, అన్నీ కలిపి 2,190 కిలోలు. ఇది ఎక్కువా పాత జిప్సీ అన్నా?

పాత_జిప్సీ
బండి మీద కంపెనీ ప్లేట్‌లో రాసిన గరిష్ఠ బరువుతో పోల్చు. ఇంకో 30 కిలోలు తగ్గించగలిగితే తగ్గించు. సగం బట్టలు తీసెయ్యి, నీళ్లు ఊరూరా దొరుకుతాయి, 40 బదులు 25 లీటర్లు చాలు.

ఆవకాయ_అక్క
గాస్కెట్ రెండు పెట్టుకో. ఒకటి కుక్కర్‌లో, ఒకటి డ్యాష్‌బోర్డులో.